నాలుగంగుళాల నీళ్లు

నాచారం,
16 అక్టోబర్ 2024

తమ్ముడు హరీష్‌కు,

నీ పెద్ద సడ్డకుడు బాలనర్సింహ కోపంతోనే రాస్తున్నాడు. ఆశీర్వాదం చివర్న ఉంది. అక్కడిదాకా చదివే ఓపిక ఉంటే దొరుకుతుంది.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. దసరా మర్నాడు మనం ఫోన్లో అరుచుకున్న అరుపులు విని అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కటై తీర్పు చెప్పారు. మీ వదిన స్వర్ణలత నా చేతిలోంచి ఫోను గుంజుకుని, "మీరిద్దరు ఫోన్ల మాట్లాడితే కొట్లాటనే. ఇగ రాసుకోండ్రి. రాసేటప్పుడన్న జర బుద్ధి పనిజేస్తది" అన్నది. ఉప్పల్లో నీ భార్య నీలవేణి కూడా అదే మాట అన్నదట. కనుక ఇక్కడి గోదాము నుంచి వాడిన నూనెను మీ ఫ్యాక్టరీకి మోసే ట్యాంకర్ డ్రైవర్ బిక్షపతి చొక్కా జేబులో ఈ కాగితం నీ దగ్గరికి వస్తుంది.

అడుగుతున్నాను, జవాబు చెప్పు. నీ పెళ్లయి పదకొండేళ్లు. పదకొండు దసరాలు జమ్మి ఆకు ముందు నా చేతిలో పెట్టి, నా కాళ్లు మొక్కి, ఆ తర్వాతే మిగతా ఇళ్లకు పోయావు. ఈసారి కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చి కూడా ముందు నాగోల్‌లో మీ యజమాని గిరిప్రసాద్ గారి గడప తొక్కావు. నేను కొత్త ధోవతి కట్టుకుని దీపాలు పెట్టే వేళదాకా గుమ్మంలో కూర్చున్నాను. నువ్వు వచ్చేసరికి నీ చేతిలో ఆకులు వాడిపోయి ఉన్నాయి. అన్న చెప్పులు నెత్తిన పెట్టుకుని రాజ్యమేలిన తమ్ముడి కథ చెప్పి నేను గుడిలో నలభై మందిని ఏడిపించినవాణ్ని. నా తమ్ముడు నాకు వాడిన ఆకు తెచ్చాడు.

ఇంకొకటి. మొన్న అత్తమ్మ రుక్కమ్మ ఇంటికి పోయాను. టీవీ పైన గోడకు నేను అరుగు మీద ప్రసంగిస్తున్న ఫోటో ఉండేది. ఇప్పుడక్కడ పసుపు టోపీ పెట్టుకుని, ఏదో గొట్టం మీద చెయ్యేసి నువ్వు నవ్వుతున్నావు. నా ఫోటో ఫ్రిజ్ పక్కకు జరిగింది. అడిగితే, "చిన్నల్లుడు ఇంజనీరాయె, వచ్చిపోయేటోళ్లు అడుగుతున్రు" అన్నది. ముప్పై ఏళ్లుగా మల్లాపూర్ వెల్డింగు షాపులో ఇనుముతో బతుకుతున్న నన్ను ఎవరూ అడగరు కాబోలు.

నువ్వు చేసే పనేమిటి? బజ్జీ బండ్ల దగ్గర మాడిన నూనెను డీజిల్ చేయడం. అందులో మీ వదిన బండి నూనె కూడా ఉంది. నా పెళ్లాం మిర్చీలు వేయిస్తే నువ్వు ఇంజనీరువి అయ్యావు. అది గుర్తుంచుకో.

శనివారం సాయంత్రాలు ఆంజనేయస్వామి గుడి అరుగు మీద మనిషి లోపలుండే ఆరుగురు శత్రువుల గురించి చెబుతున్నాను. కామం అయిపోయింది. ఈ వారం క్రోధం. నీ పుణ్యమా అని ఉదాహరణ కోసం వెతుక్కునే పని తప్పింది.

ఆయురారోగ్యాలు కలగాలి. ఇది దేవుడికి చెప్పుకున్న మాట.

బాలనర్సింహ


ఫ్యాక్టరీ క్వార్టర్స్, కాకినాడ దగ్గర,
25 అక్టోబర్ 2024

అన్నా, నమస్తే.

చివరిదాకా చదివాను. ఆశీర్వాదం దొరికింది. దాచుకున్నాను.

గిరిప్రసాద్ సార్ ఇంటికి ముందు పోయింది నిజమే. కారణం ఉంది. పని కుదిరాక చెబుతాను. కుదరకపోతే చెప్పి లాభం లేదు. ఆకులు వాడినందుకు మాత్రం తప్పు నాదే.

ఇంజనీరు ఇంజనీరు అని పొడుస్తున్నావు కాబట్టి నా కథ కూడా విను. నీకు సగమే తెలుసు. కాలేజీ నుంచి బయటకు రాగానే దొరికిన ఉద్యోగం అడవి ఆముదం గింజల నుంచి డీజిల్ తీస్తామన్న కంపెనీలో. ఎకరానికి ఇన్ని గింజలు కాస్తాయని వాళ్లు పెద్ద పెద్ద కాగితాలు రాసుకున్నారు. చెట్లు ఆ కాగితాలు చదవలేదు. రెండేళ్లు గింజల్లేని మిషనుకు తుప్పు పట్టకుండా గ్రీజు రాస్తూ కూర్చున్నాను. నేను చదివిన చదువంతా ఆ గ్రీజు డబ్బాలోకి పోయింది. రెండో ఫ్యాక్టరీ పామాయిల్ మడ్డి మీద నడిచింది. మడ్డి ధర పెరిగేసరికి తాళం పడింది. మూడోచోట బాయిలర్ దగ్గర మొదలుపెట్టి షిఫ్ట్ ఇంజనీరునయ్యాను. అదీ మూసేశారు. ఇది నాలుగోది. ఇక్కడే మొదటిసారి ప్లాంటు మొత్తం నా చేతికిచ్చారు. ఫ్యాక్టరీ మూతపడ్డ ప్రతిసారీ అత్తమ్మ నా ఫోటో తీసి బీరువాలో పెట్టింది. నీది పదకొండేళ్లూ గోడ మీదే ఉంది.

పని ఏమిటని అడిగావు. నూనెలో మిథనాలు, కాస్త కాస్టిక్ కలిపి, రియాక్టరనే పెద్ద ఇనుప పాత్రలో వేడి మీద తిప్పుతాం. డీజిల్ పైకి తేలుతుంది, గ్లిజరిన్ కిందికి దిగుతుంది. మధ్యలో నీళ్లు చేరాయంటే అంతా సబ్బయి కూర్చుంటుంది. అందుకే మా దగ్గర నిప్పు కంటే నీళ్లంటేనే భయం.

వదిన నూనె అన్నిటికంటే శుభ్రంగా ఉంటుందని మా ల్యాబు వాళ్లు కూడా అన్నారు. చెప్పు ఆమెకు.

నీ తమ్ముడు,
హరీష్


నాచారం,
5 డిసెంబర్ 2024

హరీష్‌కు,

దేవుడు మనిషిని పరీక్షించేటప్పుడు ముందుగా కబురు పంపడు. నిన్న మా షాపు యజమాని కొమురెల్లి ఒక పెద్ద కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచాడు. "నర్సింహన్నా, మస్తు పెద్ద ఆర్డరు. అయిదు వేల లీటర్ల రియాక్టరు. కాకినాడకు" అన్నాడు. కింద మూలన చూశాను. గీసినవారు అన్న చోట నీ పేరు. నలుగురు వెల్డర్లు నా భుజం మీదుగా చదివారు. "మీ సడ్డకుడే గదా అన్నా, ఇగ నువ్వు ఆయన కింద పనిజేస్తున్నట్టే" అని ఒకడు నవ్వాడు.

అర్థమైంది. జమ్మి ఆకు విషయంలో నేను నిలదీశాను కనుక, నన్ను నీ గీతల కింద పెట్టి జవాబు చెప్పావు. హైదరాబాదులో ఇన్ని షాపులుండగా మాకే ఎందుకు పంపించావు? నువ్వు గీసింది నేను కోయాలి, నువ్వు చెప్పింది నేను అతకాలి, అంతే కదా. వెనకటికి ఒక పెద్ద రాజు, దాయాదుల కొత్త సభలో అద్దంలాంటి నేలను నీళ్లనుకున్నాడు, నీళ్లను నేలనుకుని జారి పడ్డాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు ఎన్ని అక్షౌహిణులు కాలిపోయాయో నీకు తెలుసు. నవ్వించేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

పని పనే. ఆరో తరగతితో ఆపినవాణ్నయినా ఇనుము ముందు అబద్ధమాడను. నీ డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేస్తాను. ఒక్క గీత అటూ ఇటూ కాదు. ఇంజనీరు గారు గీసిన దానికి మేస్త్రీ వంక పెట్టాడన్న మాట రానివ్వను.

గుడిలో అయిదో శత్రువు దాకా వచ్చాను. మదం. చదువు మదం గురించి రెండు గంటలు చెప్పాను. ఆరోదానికి ఇంకా టైముంది.

బాలనర్సింహ


కాకినాడ దగ్గర,
14 డిసెంబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను నిన్ను ఎవరి కిందా పెట్టలేదు. ఇంకేమీ రాయను. రాస్తే మళ్లీ ఇంకోలా చదువుతావు.

ఒక్క మాట. ఆ డ్రాయింగు నేను తొందరలో గీశాను. మార్చిలో మా డీజిల్ కొనే నూనె కంపెనీ వాళ్లు చూడడానికి వస్తున్నారని సార్ తేదీ పెట్టేశారు. అడుగు మధ్యలో కలిపే కడ్డీకి బేరింగు పెట్టాల్సి వచ్చింది. దాంతో కింది భాగమంతా రెండు రోజుల్లో మార్చాను. నీకు ఏమన్నా తేడా కనబడితే చెప్పు. నీ కన్ను పడిందంటే నాకు ధైర్యం.

బిక్షపతి నీ ఉత్తరాలు జేబులోంచి తీసేటప్పుడు ముందు చెయ్యి తుడుచుకుంటాడు. "అన్న రాత మీద నూనె మరకైతే పాపం" అంటాడు. మంచివాడు.

హరీష్


నాచారం,
9 ఫిబ్రవరి 2025

హరీష్‌కు,

నీ రియాక్టరు శుక్రవారం షాపు దాటింది. నీకు చేరే ఉంటుంది. ఒక్క కుట్టులో సూది మొన అంత రంధ్రం ఉన్నా చూపించు, ముక్కు కోసుకుంటాను. నీళ్లు నింపి, ప్రెషరు పెట్టి, ఒక రాత్రీ ఒక పగలూ నిలబెట్టాం. చెమట చుక్క కూడా రాలేదు.

సాగనంపేటప్పుడు మా షాపుకొక ఆచారం ఉంది, నీకు తెలుసు. నీళ్ల పరీక్ష అయ్యాక పెద్ద మేస్త్రీ మూత తీసి లోపలికి దిగుతాడు. తువ్వాలుతో అడుగంతా తుడుస్తాడు. లోపల గోడకు పసుపు కుంకుమలతో బొట్టు పెట్టి పైకి వస్తాడు. అప్పుడు మూత బిగించి కొబ్బరికాయ కొడతారు. మా గురువు నేర్పిన పద్ధతి. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నాను.

ఆరోజు అత్తమ్మను వెంటబెట్టుకుని నీలవేణి వచ్చింది. ఉప్పల్ నుంచి ఆటోలో అరటిపండ్ల గెల తెచ్చారు. పనివాళ్లందరి ముందు అత్తమ్మ ఆ ఇనుము మీద చెయ్యి వేసి, "గిదంత మా చిన్నల్లుడే గీసిండు. మంచిగొచ్చింది బిడ్డా" అన్నది. గీసినవాడు కాకినాడలో ఉన్నాడు. రెండు నెలలు దాని కడుపులో దూరి పొగ మింగినవాడు పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె నా వైపు చూసి, "పండు దిను నర్సింహ" అన్నది.

కొబ్బరికాయ కొట్టాను. బాగానే పగిలింది. లారీ కదిలింది.

గుడిలో ఆరో శత్రువు వాయిదా పడింది. గొంతు బాగాలేదు.

బాలనర్సింహ


కాకినాడ దగ్గర,
19 మార్చి 2025

అన్నా,

ఈ ఉత్తరం పోస్టులో వస్తోంది. బిక్షపతి ఇప్పుడు ట్యాంకర్ మీద లేడు.

పదో తారీకున మొదటి బ్యాచ్ ఎక్కించాం. నూనె కంపెనీ నుంచి నలుగురు వచ్చారు. గిరిప్రసాద్ సార్ పూలదండ వేసి స్విచ్ నొక్కారు. గంటన్నర తర్వాత గాజు కిటికీలోంచి చూస్తే పైకి తేలాల్సిన డీజిల్ లేదు. పెరుగు తోడుకున్నట్టు తెల్లగా ఉంది. అయిదు వేల లీటర్లు సబ్బయింది. వచ్చినవాళ్లలో ఒకాయన, "స్నానానికి బాగుంటుందండీ" అని టీ తాగి వెళ్లిపోయారు.

నీళ్లు ఎక్కడినుంచో వచ్చాయి. ట్యాంకరు దించేటప్పుడు తీసిన శాంపిల్లో నీళ్లు లేవని చెబితే సార్ అదే పట్టుకున్నారు. "పైనుంచి తీసిన శాంపిల్లో నీళ్లెలా కనబడతాయండీ? అవి ట్యాంకరు అడుగున ఉంటాయి. దారిలో నూనె అమ్ముకుని నీళ్లు పోశాడు మీవాడు" అన్నారు. సూర్యాపేట దాటాక బిక్షపతి గంటసేపు ఆగినట్టు ట్రాకర్‌లో ఉంది. కడుపునొప్పి వచ్చిందని అతను అంటాడు. ఆ గంటకు సాక్షి లేడు. ఫిర్యాదు కాగితం మీద ప్లాంటు హెడ్డుగా నేనే సంతకం పెట్టాను. బిక్షపతి నా వైపు చూసి, "సార్, మీ ఇద్దరి ఉత్తరాలు మోసినోణ్ని" అన్నాడు.

రియాక్టరుకు సీలు వేశారు. విచారణ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నేను మే పదో తేదీలోగా కారణం తేల్చాలి, లేదంటే నేను కూడా పోవాలి. నాలుగో ఫ్యాక్టరీ అన్నా. ఈసారి ఫ్యాక్టరీ మూతపడటం లేదు, నేనే పడుతున్నాను. నలభైకి దగ్గరపడ్డవాణ్ని, బ్యాచ్ సబ్బు చేసిన ఇంజనీరని పేరు పడితే ఈ లైన్లో ఇంకెవరూ పిలవరు.

నీలవేణికి చెప్పలేదు. వదినతో కూడా అనకు.

హరీష్


నాచారం,
27 మార్చి 2025

హరీష్‌కు,

ఉత్తరం అందింది. దిగులుపడకు. ఎక్కిన మెట్లే దిగడానికీ ఉంటాయని పెద్దలకు తెలుసు కాబట్టే వాళ్లు నెమ్మదిగా ఎక్కేవారు. మనిషి గర్వం దేవుడి ముందు నిలబడదు. ఫోటోలు గోడ ఎక్కుతాయి, దిగుతాయి. ఇది నీకు పాఠం అనుకో.

నీళ్లు ఎక్కడినుంచైనా రావచ్చు. ట్యాంకర్ల సంగతి ఎవరికి తెలుసు. మా కుట్లలో మాత్రం లోపం లేదు. డ్రాయింగు ప్రకారం చేశాం.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ వదిన బండి సాయంత్రం మాత్రమే పెడుతోంది.

బాలనర్సింహ


కాకినాడ దగ్గర,
8 ఏప్రిల్ 2025

అన్నా,

పాఠం అన్నావు. సరే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని సమయంలో మనిషికి కొంత సిగ్గు తగ్గుతుంది. అందుకని దాచినవి రాసేస్తున్నాను.

దసరా రోజు గిరిప్రసాద్ సార్ ఇంటికి ముందు ఎందుకు పోయానో చెబుతానన్నాను. రియాక్టరు ఆర్డరు గుజరాత్ కంపెనీకి ఇవ్వాలని ఆయన నిర్ణయించుకున్నారు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఖాయం చేస్తారని తెలిసింది. చేతిలో జమ్మి పట్టుకునే ఆయన ఇంట్లో గంటన్నర కూర్చున్నాను. "మల్లాపూర్‌లో ఒక మేస్త్రీ ఉన్నాడు సార్. ఆయన చేస్తే మనం మూత తీసి కూడా చూడక్కర్లేదు" అని చెప్పి ఒప్పించాను. ఆకులు అక్కడ వాడిపోయాయి. ముందే చెబితే, ఆర్డరు రాకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు.

ఆ మాట నేనే నమ్మాను. రియాక్టరు వచ్చినప్పుడు రూలు ప్రకారం మూత తీసి లోపల చూడాలి. తీయలేదు. నువ్వు తుడిచి బొట్టు పెట్టి పంపినదాన్ని మళ్లీ చూడడం నాకు తప్పనిపించింది. విచారణలో అదీ నా మీద రాశారు.

ఇంకొకటి కూడా. నువ్వు అరుగు మీద కూర్చుని నోరు తెరిస్తే నలభై మంది ఊపిరి బిగబట్టి వింటారు. నేను మీటింగులో మాట్లాడితే నలుగురు ఫోన్లు చూసుకుంటారు. మన పెళ్లిళ్లలో, చావుల్లో అందరూ ముందు నీ ముఖం చూస్తారు. రెండేళ్ల కింద ఒక శనివారం మీ గుడి బయట చెప్పుల దగ్గర నిలబడి నీ ప్రసంగం మొత్తం విన్నాను. కడుపు మండింది అన్నా. లోపలికి రాకుండానే వెళ్లిపోయాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరో శత్రువు గురించి చెప్పావా? ఏం చెప్పావో రాయి.

హరీష్


నాచారం,
20 ఏప్రిల్ 2025, ఆదివారం

తమ్ముడా,

ఈ ఉత్తరం నీ కోసం కాదు, మీ గిరిప్రసాద్ గారి కోసం. చదివి ఆయన చేతికివ్వు. ఇదే మాట వేరే కాగితం మీద సంతకం పెట్టి, కొమురెల్లి చేత సాక్షి సంతకం పెట్టించి జతచేశాను.

నీ డ్రాయింగులో తప్పు ఉంది. అడుగు మధ్యలో బేరింగు పెట్టి, నీళ్లు పోయే గొట్టాన్ని పక్కకు జరిపావు. అడుగు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది కదా, పక్కకు జరిపిన గొట్టం పైకి కూడా జరుగుతుంది. నాలుగంగుళాలు. ఎంత వంచినా, ఎంత తెరిచినా ఆ నాలుగంగుళాల నీళ్లు అడుగున ఉండిపోతాయి. రెండు పెద్ద బిందెలు నిండి ఇంకా మిగులుతాయి. అది నాకు కాగితం పరిచిన రోజే కనబడింది. ఒకడు నవ్వాడని చెప్పానే, ఆ నవ్వు చల్లారకముందే కనబడింది. నువ్వు తర్వాత ఉత్తరంలో అడిగావు కూడా. నేను చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చేస్తానని ప్రమాణం చేశాను చూడు, అది నిజాయితీ కాదు. కుళ్లుకు ధోవతి కట్టి కూర్చోబెట్టాను.

అయినా తోడి తుడిస్తే పోయేది. తువ్వాలు చేతిలో ఉంది. మూత తెరిచి ఉంది. అత్తమ్మ ఆ మాట అనగానే తువ్వాలు భుజం మీద వేసుకుని, "బిగించండ్రి" అన్నాను. కుర్రవెల్డరు, "అన్నా, బొట్టు?" అన్నాడు. "పెట్టిన" అన్నాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి నేను దిగకుండా, బొట్టు లేకుండా, అడుగున నీళ్లతో ఒక పాత్ర మా షాపు దాటింది.

నీ మార్చి ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట ఏం కలిగిందో కూడా చెప్పాలి. సంతోషం. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మీ వదిన, "ఏందీ, ఇయ్యాల మస్తు ఖుషీ మీదున్నవ్" అని కూడా అన్నది. ఆ తర్వాత నీకు పాఠం చెబుతూ ఉత్తరం రాశాను. నిద్ర పట్టని రోజులు దాని తర్వాతే మొదలయ్యాయి. నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చాక తిండి కూడా పోయింది. మూత తీసి చూడక్కర్లేదన్నావట. ఆ ఒక్క మాట నన్ను ఉతికి ఆరేసింది.

నిన్న శనివారం. ఇంక వాయిదా వేయడానికి సాకు లేదు. అరుగు ఎక్కి కూర్చున్నాను. మాత్సర్యం అని మొదలుపెట్టాను. ముందు వరుసలో బిక్షపతి భార్య సాలమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడూ రాని మనిషి. అయినా, మిగిలిన అయిదుగురు శత్రువులు మనిషికి ఏదో ఒకటి ఇస్తామని ఆశ పెడతారు, ఈ ఒక్కడు ఏమీ ఇవ్వడు, పక్కవాడి చేతిలోది పడిపోతే చాలంటాడు అని చెప్పుకుపోతున్నాను. జనం తలలూపుతున్నారు. సాలమ్మ చెయ్యెత్తి లేచింది.

"అయ్యా, నాకు శాస్త్రం తెల్వది. మా ఆయిన నూనెల నీళ్లు గలిపిండంటున్రు. ఆయిన గలపలే. గలిపినోడు ఎవడో గాని, గాయిన లోపల గీ ఆరోది ఉంటదా అయ్యా?"

నలభై మంది నా వైపు చూస్తున్నారు. నువ్వు అసూయపడ్డ ఆ నలభై మందే. పుస్తకం మూశాను.

"ఉంటది సాలమ్మా. గలిపినోణ్ని నేనే" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఏదో దృష్టాంతం చెబుతున్నాననుకుని ఒకాయన నమస్కారం పెట్టాడు. కిందికి దిగి, వాళ్ల మధ్యన నిలబడి మొదటినుంచీ చెప్పాను. దసరా, ఫోటో, నాలుగంగుళాలు, తువ్వాలు. ఈసారి గొంతు బాగానే ఉంది. సాలమ్మ నన్ను తిట్టలేదు. "గా మాట రాసియ్యి" అన్నది. అంతే. రాసిచ్చాను. దీనికి జతచేసింది దాని రెండో ప్రతి.

సీలు తీసి సబ్బు ఎత్తించి చూడమను. గొట్టం నోటికి, అడుగుకి మధ్య స్కేలు పెట్టమను. నాలుగంగుళాలు వస్తుంది. లోపల గోడ మీద బొట్టు కోసం కూడా వెతకమను. ఉండదు.

ఈ ఉత్తరంలో ఆశీర్వాదం లేదు. ఇచ్చే చెయ్యి శుభ్రంగా లేదు.

బాలనర్సింహ


కాకినాడ దగ్గర,
12 మే 2025

అన్నా,

సీలు తీశారు. స్కేలు నేనే పెట్టాను. నాలుగుంపావు. ఆ పావు నా ఖాతాలో వేసుకున్నాను.

బిక్షపతిని మళ్లీ ట్యాంకరెక్కించారు. నేను అతని ఇంటికి పోయి క్షమాపణ అడిగాను. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. నిన్న ఇక్కడికి లోడు తెచ్చినప్పుడు, ఉత్తరం రాస్తే తీసుకుపోతావా అని అడిగితే, చెయ్యి తుడుచుకుని చొక్కా జేబు చూపించాడు.

సార్ నన్ను ఉంచారు, కానీ ప్లాంటు హెడ్డుగా కాదు. మళ్లీ షిఫ్టులు. తప్పు గీసింది నేను, మూత తీయనిది నేను. నాకది న్యాయంగానే ఉంది. నీకు వెంటనే జవాబు రాయలేకపోయాను. నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. వాటిలో ఉన్నవి నీకు తెలిసినవే.

దీనితోపాటు ఒక గొట్టంలో చుట్టి డ్రాయింగు పంపిస్తున్నాను. రియాక్టరును లారీ మీద వెనక్కి పంపిస్తాం, దానికే కొత్త అడుగు వెయ్యాలి. మల్లాపూర్ షాపుకు మళ్లీ ఇవ్వనన్నారు సార్. నేను ఇవ్వాల్సిందే అన్నాను. వారం గొడవపడ్డాక ఒప్పుకున్నారు. కాగితం మీద అడుగు గిన్నె గీశాను, బేరింగు గీశాను. గొట్టం గీయలేదు. అది ఎక్కడ పెట్టాలో నువ్వు గీసి పంపు. కింద మూలన పేర్ల దగ్గర రెండు గళ్లు పెట్టాను. ఒకటి ఖాళీగా ఉంది.

హరీష్


నాచారం,
20 జూన్ 2025

తమ్ముడా,

కొమురెల్లి నన్ను పెద్ద మేస్త్రీ పని నుంచి తీసి గ్రైండింగు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అయినా నీ డ్రాయింగు రాగానే అందర్నీ పిలిచి, "గిది నర్సింహన్నకొచ్చింది" అని నా ముందే పరిచాడు. గొట్టం గీశాను. బేరింగును మోసే కాళ్ల మధ్య నుంచి, నట్టనడి అడుగున. కింద ఒక్క చుక్క నిలవదు. ఖాళీ గడిలో పేరు రాయడానికి మాత్రం పొద్దంతా పట్టింది.

గుడికి పోతున్నాను. అరుగు మీదికి కాదు. చెప్పుల దగ్గర, నువ్వు నిలబడ్డ చోట నిలబడి వస్తున్నాను. అక్కడినుంచి బాగానే వినబడుతుంది.

అత్తమ్మ మన ఇద్దరి ఫోటోలూ తీసేసింది. ఇప్పుడా మేకుకు క్యాలెండరు ఉంది. స్వర్ణలత రెండు నెలలకు నిన్న నాతో మాట్లాడింది. "ఇగ ఫోన్ల మాట్లాడుకోండ్రి గని" అన్నది. నేనే వద్దన్నాను.

వచ్చే దసరాకు నువ్వు మా ఇంటికి రాకు. జమ్మి పట్టుకుని నేనే ఉప్పల్ వస్తాను. ముందు బిక్షపతి ఇంటికి, తర్వాత నీ ఇంటికి. ఆకులు కొంచెం వాడితే ఏమనుకోకు.

చివరగా, ఎవరికీ చెప్పని మాట. ఆరోవాడు పోయాడనుకుని నిన్న లోపల వెతికాను. పోలేదు. నేను వారాల తరబడి నోరు విప్పలేని చోట, నువ్వు నా తప్పు తెలిసి కూడా నా కోసం వారం గొడవపడ్డావు. క్షమించడంలో కూడా నాకంటే ముందే పోయి కూర్చున్నావు. అది చూసి నా కడుపు మండుతోంది హరీష్. ఈ మంట మాత్రం ఆర్పుకోను.

అడుగు పూర్తయింది. నిన్న లోపలికి దిగి రెండుసార్లు తుడిచాను. బొట్టు పెట్టాను. వచ్చాక మూత తీసి చూడు.

నీ అన్న,
బాలనర్సింహ